ఇంటివద్ద విద్యుత్తు కారు

పూర్వము పల్లెలలో బండి గల గృహస్థు సాయంకాలము ఇల్లు చేరిన వెంటనే కాడి దింపి, ఎద్దులను కొట్టములో కట్టి, తొట్టిలో కుడితి పోసి, ముందు ఇంత చొప్ప వేసెడివాడు. మఱునాటి ప్రయాణమునకు కావలసిన బలము ఆ యింటి దొడ్డిలోనే, అందఱును నిద్రించుచుండగా, నెమ్మదిగా సమకూడెడిది. మోటారు కారు వచ్చి ఈ వాడుకను తలక్రిందులు చేసినది. 1888 ఆగస్టులో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను వనిత, తన భర్త నిర్మించిన కారులో ఇద్దఱు కుమారులతో మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు బయలుదేఱెను. దారిలో ఇంధనము తఱిగిపోగా ఆమె వీస్లోకు అను ఊరిలో ఒక మందుల దుకాణమున దానిని కొనవలసి వచ్చెను. అది మొదలు కారు గలవాడు దాని ఆకలి తీర్చుటకు ఇల్లు విడిచి పోవుటయే ఆచారమయ్యెను. విద్యుత్తు కారు మరల పాత పద్ధతికే వచ్చినది. అది రాత్రి యింటి ముంగిట నిలిచి మేత మేసి, తెల్లవాఱునప్పటికి సిద్ధముగా నుండును.

ఇది నిన్నమొన్నటి వింత యని తలంపరాదు. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో అమెరికా నగరములందు విద్యుత్తు కార్లు చాలగానే తిరిగెడివి. పెట్రోలు కార్లను లక్షలకొలది తయారు చేయించిన హెన్రీ ఫోర్డు భార్య క్లారా ఫోర్డు తాను మాత్రము డిట్రాయిట్ ఎలక్ట్రిక్ అను విద్యుత్తు కారును నడిపెడిది. ఆ కార్ల యజమానులకు ఇంటియొద్ద ఒక చిక్కు ఉండెను. పెక్కు ఇండ్లకు తీగలపై వచ్చునది ఏకాంతర విద్యుత్తు. అనగా ఊయలవలె ముందునకును వెనుకకును మాఱుచుండునది. బ్యాటరీ స్వీకరించునది ఏకముఖ విద్యుత్తు. అనగా ఏటి నీటివలె ఒకే దిక్కునకు పాఱునది. ఊయలను ఏఱుగా మార్చు సాధనము కావలెను. 1902 లో పీటర్ కూపర్ హ్యూయిట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు పాదరసముతో పనిచేయు గాజు బుడ్డి నొకదానిని కనిపెట్టి ఈ చిక్కును విడదీసెను. కారు కొట్టములో ఒక మూల ఆ గాజు బుడ్డి రాత్రులందు నీలపు కాంతితో మిణుకుచుండెడిది. ఇంటియందలి చార్జరునకు అదియే పూర్వరూపము.

నేడు ఆ మార్పు చేయు పరికరము కారు లోపలనే అమర్చబడి యున్నది. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టుల పీడనముతో, సెకనునకు 50 సారులు ఊగులాడుచుండును. కారు లోపలి పరికరము దానిని ఏకముఖము గావించి బ్యాటరీ కందించును. ఇచ్చట ఒక సంగతి గమనింపదగియున్నది. గోడకు తగిలించిన పెట్టెను లోకులు చార్జరు అందురు. నిజమునకు అది చార్జరు కాదు. చార్జరు కారులో నున్నది. గోడనున్నది కావలివాడు. కారు వచ్చినదా, తీగ సరిగా తగులుకొన్నదా, భూమితో సంబంధము కలదా, ఎంత విద్యుత్తు ఇయ్యవచ్చును అని విచారించి, అన్నియు సరిగా నున్నప్పుడే తలుపు తీయుట దాని పని. పెద్ద రహదారులపై నుండు శీఘ్ర చార్జర్ల మాట వేఱు. అవి విద్యుత్తును బయటనే ఏకముఖము గావించి నేరుగా బ్యాటరీకి పంపును. అవి ఇండ్లకు తగినవి కావు; ఇండ్లకు వాని అవసరమును లేదు.

కావలివాని సంభాషణ వినదగినది. మన దేశమున నేటి కార్లకు ఎక్కువగా వాడు ప్లగ్గునకు ఏడు ముల్లులు ఉండును. మూడు ఫేజులకు, ఒకటి న్యూట్రలునకు, ఒకటి ఎర్తునకు. మిగిలిన చిన్నవి రెండును మాటలాడుకొనుటకు. ఒకే ఫేజు గల యింటిలో ఫేజు ముల్లులలో ఒకదానికే పని యుండును. ప్లగ్గు కారులో దూర్చని సమయమున ఆ మాటల తీగపై 12 వోల్టులు నిలిచియుండును. దూర్చగనే కారు దానిని 9 వోల్టులకు దించును. 'వచ్చితిని' అని దాని యర్థము. 'సిద్ధముగా నున్నాను, ఇమ్ము' అని చెప్పదలచినప్పుడు 6 వోల్టులకు దించును. గోడ పెట్టె సెకనునకు వేయి సారులు కొట్టుకొను ఒక సంకేతమును పంపి, ఆ కొట్టుకొనుటలోని నిడివిని బట్టి 'ఇంతకంటె ఎక్కువ ఆంపియర్లు తీసికొనరాదు' అని తెలుపును. ఈ మాటలు ముగియువఱకు పెద్ద ముల్లులలో 230 వోల్టులు ప్రవేశింపవు. క్రింద పడియున్న ప్లగ్గును పట్టుకొన్నను సాధారణముగా అపాయము లేకుండుటకు ఇదియే కారణము. అట్లని పిల్లలు దానితో ఆడుకొనదగదు.

ఇక లెక్కలకు వత్తము. కిలోవాటు శక్తి గల పరికరము ఒక గంట పనిచేసినచో ఒక యూనిటు ఖర్చగును. 2020 లో మన దేశమున అమ్మకమునకు వచ్చిన మొదటి నెక్సాన్ విద్యుత్తు కారు బ్యాటరీలో 30.2 యూనిట్లు పట్టును. ఇంటిలోని 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టునుండి కారు సుమారు 3.3 కిలోవాట్లు తీసికొనగలదు. కావున వట్టిపోయిన అట్టి బ్యాటరీ నిండుటకు, దారిలో వ్యర్థమగుదానిని కలిపి, పదిగంటలు పట్టును. ఈ మాట వినగనే పలువురు నిరుత్సాహపడుదురు. కాని ఎవ్వరి కారును ప్రతిదినము వట్టిపోదు. దినమునకు 40 కిలోమీటర్లు తిరుగువాని కారు సుమారు ఆఱు యూనిట్లు ఖర్చుచేయును. వ్యర్థముతో కలిపి ఆఱున్నర యనుకొన్నను, పెద్ద సాకెట్టునుండి రెండు గంటలలో అది తిరిగి వచ్చును. రాత్రి యన్ననో ఎనిమిది గంటలున్నది. పొట్టనిండ తినుటకు తొందర యేల?

గోడకు తగిలించు పెట్టెలు 32 ఆంపియర్లు, అనగా సుమారు 7.2 కిలోవాట్లు ఇయ్యగలవు. మూడు ఫేజులున్నచో 11 కిలోవాట్లవియు కలవు. ఐతే కారు లోపలి పరికరము 3.3 కిలోవాట్లకంటె ఎక్కువ తీసికొనలేనిదైనచో, గోడకు ఎంత పెద్ద పెట్టెను తగిలించినను లాభము లేదు. చిన్న మూతి గల చెంబును ఏనుగు తొండమంత ధార క్రింద పట్టినట్లగును. దుకాణదారులు ఈ సంగతి చెప్పుట అరుదు. కొనువాడే కారుతో వచ్చిన పుస్తకమును తెఱచి చూచుకొనవలెను.

పెట్టె కన్న ముందు చూడవలసినది ఇంటి వైరింగు. నీళ్లు కాచు గీజరు 2 కిలోవాట్లది, సుమారు 9 ఆంపియర్లు తీసికొనును. కాని పావుగంటలో దాని పని ముగియును. కారు 15 ఆంపియర్లను గంటల తరబడి, ఒక్క క్షణమైనను ఆపక, తీసికొనును. గీజరు పని పరుగుపందెము. కారు పని నెత్తిన మూటతో పొరుగూరికి నడుచుట. తీగలో పుట్టు వేడి విద్యుత్తుయొక్క వర్గమును బట్టి యుండును. అనగా విద్యుత్తు రెట్టింపైనచో వేడి నాలుగు రెట్లగును. సన్నని తీగయైనను, వదులైన మరయైనను, గీజరునకు పది సంవత్సరములు సరిపోయి యుండవచ్చును. కారునకు ఒక్క రాత్రికే నల్లబడి కరగిపోవచ్చును. కావున మీటరు బోర్డునుండి కారు నిలుచు తావువఱకు ప్రత్యేకముగా ఒక రాగి తీగ వేయించి, దానికి వేఱుగా ఎం.సి.బి. పెట్టింపవలెను. 32 ఆంపియర్ల పెట్టెకు సాధారణముగా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడుదురు. దూరము ఎక్కువైనచో ఇంకను లావుది కావలెను. పొడిగింపు తీగను చుట్టగానే ఉంచి దానితో కారును చార్జి చేయుట మిక్కిలి చెడ్డ అలవాటు. చుట్టలో పుట్టిన వేడి బయటకు పోలేక తీగ తొడుగు మెత్తబడి అంటుకొనును.

ఇంటికి మంజూరైన లోడు ఎంతయో బిల్లుపై వ్రాసి యుండును. మూడు కిలోవాట్లకు అనుమతి పొందిన యింటిలో మఱి మూడు కిలోవాట్ల కారు చేరినచో, విద్యుత్తు పంపిణీ సంస్థకు అర్జీ పెట్టి లోడు పెంపు చేయించుకొనవలెను. ఇండ్లలోను కార్యాలయములలోను సొంత కార్లను చార్జి చేసికొనవచ్చునని కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2018 డిసెంబరులోనే మార్గదర్శక సూత్రములలో తెలిపినది. 2024 ఫిబ్రవరిలో సవరించిన నిబంధనల ప్రకారము, కోరినవారు విద్యుత్తు కారు కొఱకు వేఱు కనెక్షనును పొందవచ్చును. అపార్టుమెంటులలో నివసించువారికి ఇది కొంత మేలు చేసినది.

ఇంతవఱకు చెప్పినదంతయు సొమ్మునకును సౌకర్యమునకును సంబంధించినది. ఇక ప్రాణమునకు సంబంధించినది ఎర్తు. కారు నాలుగు రబ్బరు చక్రములపై నిలిచి యుండును. రబ్బరు విద్యుద్బంధకము. లోపల ఎచ్చటనైనను ఫేజు తీగ ఒరసికొని ఇనుప దేహమును తాకినచో, ఆ విద్యుత్తు భూమిలోనికి పోవు దారి లేక కారు దేహముపైననే పొంచి యుండును. తడినేలపై వట్టి కాళ్లతో నిలిచి ఎవరైన కారు తలుపు పట్టుకొన్నప్పుడు ఆ మనిషియే దానికి దారి యగును. ఎర్తు తీగ ఈ దారిని ముందుగానే వేసి యుంచును. ఏడు ముల్లులలో ఎర్తు ముల్లు ముందుగా తగులుకొనునట్లు ప్లగ్గును నిర్మించుట ఇందులకే. గోడనున్న కావలివాడు కూడ మొదట విచారించునది దీనినే. ఎర్తు లేనిచో ఎఱ్ఱదీపము చూపి తలుపు తీయడు.

అనంతపురములో ఒక గృహస్థు భాద్రపద మాసమున విద్యుత్తు కారు కొనెను. కారుతో ఇచ్చిన తీగను పెద్ద సాకెట్టులో పెట్టగనే పచ్చదీపము వెలిగెను. ఆఱు నెలలు ఏ చిక్కును లేదు. ఏప్రిలు మాసమున ఒకనాటి రాత్రి ఎఱ్ఱదీపము వచ్చెను. తీసి పెట్టినను, తుడిచి పెట్టినను ఎఱ్ఱదీపమే. మఱునాడు వృద్ధురాలగు తల్లిని కంటి వైద్యునియొద్దకు తీసికొని పోవలసి యుండెను. వీధి చివర విద్యుత్తు సామానుల అంగడిలోని కుఱ్ఱవానిని పిలువగా, అతడు వచ్చి చూచి నవ్వెను.

"అన్నా, ఇది ఐదు నిమిషముల పని. సాకెట్టులో న్యూట్రలుకును ఎర్తుకును నడుమ చిన్న తీగ ముక్క కలిపినచో చాలును. దీపము పచ్చబడును" అనెను.

అట్లే చేసెను. దీపము పచ్చబడెను. కారు నిండెను. గృహస్థు సంతోషించి అతనికి నూఱు రూపాయలిచ్చి పంపెను.

నాలుగు దినముల పిదప ఫ్యాను బాగుచేయుటకు ఒక వృద్ధ ఎలక్ట్రీషియను ఆ యింటికి వచ్చెను. ముంగిట సాకెట్టు మూత వదులుగా నుండుట చూచి విప్పి, ఆ తీగ ముక్కను కనుగొని, గృహస్థును పిలిచెను.

"అయ్యా, ఇది ఎవరు కలిపినారు?"

"అంగడి పిల్లవాడు కలిపినాడు మేస్త్రీ. అది లేనిచో కారు చార్జి కాదు."

"కాకుండుటయే మంచిది. కావలివానికి లంచమిచ్చి నోరు మూయించినారు. దొంగ మాత్రము లోపలనే యున్నాడు."

అతడు చెప్పిన కారణమును కొంచెము ఓపికతో తెలిసికొనవలెను. న్యూట్రలు తీగ యింటినుండి విద్యుత్తు తిరిగిపోవు దారి. స్తంభము నుండి దిగు తావుననో, మీటరు వద్దనో ఆ తీగ వదులై ఊడిపోయినచో, ఇంటిలో వెలుగు దీపములగుండ, తిరుగు ఫ్యానులగుండ పోయిన విద్యుత్తు తిరిగిపోవు దారి లేక న్యూట్రలు తీగ అంతటను నిలిచిపోవును. ఫ్యాను ఆగును, దీపము ఆఱును. కరెంటు పోయినదని యింటివారు తలంతురు. కాని న్యూట్రలునకును ఎర్తునకును లంకె పెట్టిన సాకెట్టులో, ఆ 230 వోల్టులు ఎర్తు ముల్లుగుండ నడచి కారు దేహము నంతటిని ఆవరించును. అనగా ప్రాణము కాపాడుటకు పెట్టిన తీగయే విద్యుత్తును మోసికొని వచ్చి కారునకు పులుమును. ఆ యింటిలో వృద్ధురాలు ప్రతి ఉదయమును కారు ప్రక్కనే వట్టి కాళ్లతో నిలిచి ముంగిట కల్లాపి చల్లుచుండును. ఈ మాట ఎలక్ట్రీషియను అనలేదు. గృహస్థునకే తట్టెను. అతడు అచ్చటనే మెట్టుపై కూలబడెను.

ఎలక్ట్రీషియను తీగ ముక్కను లాగివైచి, ఒక 60 వాట్ల బల్బునకు రెండు తీగలు తగిలించి ఫేజునకును న్యూట్రలునకును నడుమ పెట్టెను. బల్బు చక్కగా వెలిగెను. పిదప ఫేజునకును ఎర్తునకును నడుమ పెట్టెను. అందులో తీగ కొంచెము ఎఱ్ఱబడెను గాని వెలుగు రాలేదు. ఎర్తు ఉన్నది; కాని దాని నిరోధము మితిమీఱి పెరిగినది. వానకాలమున సరిపోయినది వేసవిలో చాలకపోయినది. ఇందులో మాయ యేమియు లేదు. మట్టి విద్యుత్తును మోయునది తనలోని తేమతోను, తేమలో కరగిన లవణములతోను. అనంతపురపు నేల వేసవిలో ఎట్లుండునో ఆ ప్రాంతమువారికి చెప్పనక్కఱలేదు. ఇల్లు కట్టినప్పుడు మూడడుగుల లోతున పాతిన కడ్డీచుట్టు మన్ను ఎండి బీటలు వాఱియుండెను. ఇట్టి ఇండ్లు పెక్కు కలవు. గీజరో, బట్టల యంత్రమో ఎర్తు కొఱకు విచారింపదు గావున లోపము ఏండ్ల తరబడి బయటపడదు. కారు వచ్చి విచారించినప్పుడే బయటపడును.

మఱుసటి దినము క్రొత్త ఎర్తు గుంట త్రవ్విరి. దాదాపు రెండున్నర మీటర్ల పొడవు గల, రంధ్రములు చేసిన జింకుపూత ఇనుప గొట్టమును నిలువున దింపి, దానిచుట్టు బొగ్గును ఉప్పును వరుసలు వరుసలుగా నింపిరి. బొగ్గు తేమను పట్టియుంచును. ఉప్పు ఆ తేమకు విద్యుత్తును మోయు శక్తి నిచ్చును. గొట్టము తలపై నీళ్లు పోయుటకు ఒక గరాటు అమర్చి, చుట్టును ఇటుకలతో చిన్న తొట్టి కట్టి మూత పెట్టిరి. అచ్చటినుండి లావైన తీగను బోర్డు వఱకు తెచ్చిరి.

బోర్డులో ఆర్.సి.సి.బి. అను మఱియొక పరికరమును కూడ చేర్చిరి. ఎం.సి.బి. యున్నది గదా, ఇది యేల యని గృహస్థు అడుగగా ఎలక్ట్రీషియను, "అది తీగను కాపాడును, ఇది మనిషిని కాపాడును" అనెను. మాట చిన్నదైనను తప్పు లేదు. ఎం.సి.బి. ఆంపియర్ల లెక్కన హెచ్చు విద్యుత్తు పోయినప్పుడే పడును. ఆర్.సి.సి.బి. యైతే ఫేజులో పోయినదియు న్యూట్రలులో తిరిగి వచ్చినదియు సమానమా యని ఎడతెగక చూచుచుండును. భేదము కనబడినచో కొంత విద్యుత్తు మఱియొక దారిని, బహుశః ఒక మనుష్యుని దేహముగుండ, పోవుచున్నదని యర్థము. ఇండ్లలో వాడునది 30 మిల్లీ ఆంపియర్ల భేదమునకే సెకనులో మూడవ వంతు గడువకముందే సరఫరాను త్రుంచివేయును. 60 వాట్ల బల్బులో పాఱు విద్యుత్తులో ఇది సుమారు తొమ్మిదవ వంతు. కార్లలోని పరికరము వలన ఒక్కొక్కప్పుడు ఏకముఖ విద్యుత్తు కారి సాధారణపు ఆర్.సి.సి.బి.ని మొద్దుబాఱునట్లు చేయవచ్చును. కావున గోడపెట్టె తయారుచేసినవారు చెప్పిన రకమునే కొనవలెను. దానిపై నుండు చిన్న పరీక్ష మీటను అప్పుడప్పుడు నొక్కి చూచుచుండవలెను.

వాడుకలో నేర్వవలసినది పెద్దగా లేదు. మండుటెండలో దూరప్రయాణము చేసి వచ్చిన కారును వెంటనే తగిలింపక కొంతసేపు చల్లబడనిచ్చుట మంచిది. లిథియము బ్యాటరీలకు వేడి గిట్టదు. ప్రతిదినము నూటికి నూఱుపాళ్లు నింపవచ్చునా, ఎనుబదితో ఆపవలెనా యనునది బ్యాటరీ జాతిని బట్టి యుండును. కారు పుస్తకము ఎట్లు చెప్పిన అట్లు చేయవలెను. చార్జి ఆపిన తర్వాతనే ప్లగ్గు ఊడదీయవలెను. వాన తుంపరలకు మంచి ప్లగ్గు చెడదు గాని గోడ సాకెట్టునకు కప్పు ఉండవలెను. పిడుగులు పడునప్పుడు తగిలింపకుండుట మేలు. నెలకొకసారి చార్జి నడుచుచుండగా సాకెట్టు మూతపై చేయి ఉంచి చూచినచో, వదులైన మర యేదైన నున్నచో వేడి రూపమున చెప్పును. దీనికి మించిన పరికరము అక్కఱలేదు.

ఆ గృహస్థు తల్లికి జరిగినదంతయు పిదప తెలిసెను. ఎవరును చెప్పకయే ఆమె యొక పని పెట్టుకొనెను. ప్రతి ఉదయమును కల్లాపి చల్లి ముగ్గు వేసిన తర్వాత, బకెట్టులో మిగిలిన నీళ్లను ఎర్తు గుంట మూత తీసి గరాటులో పోయును. మఱుసటి యేడు ఏప్రిలులో ఎండలు మునుపటికంటెను మెండుగా కాసెను. ముంగిట దీపము పచ్చగానే వెలుగుచుండెను. రాత్రి పదకొండు గంటలకు మొదలైన చార్జి ఒంటిగంటకు తనంతట తాను ఆగుచుండెను. అప్పటికి ఇంటిలో అందఱును నిద్రలో నుండెడివారు.